సమరూపులు వచ్చిన డిసెంబరు

మొన్న బంధువుల పెండ్లి కార్డు ప్రూఫ్ చూసిపెట్టడానికి అమీర్‌పేటలో మెట్రో స్తంభాల వెనక ఉన్న ఒక సందులోకి వెళ్ళాను. అక్కడ ఒక ముసలాయన ఇప్పటికీ కాలితో తొక్కే పాత ట్రెడిల్ మిషన్ మీద కార్డులు కొడుతున్నాడు. తడి కాగితం మీద ఆరని సిరా వాసన, అక్షరాలు తుడిచే కిరోసిన్ వాసన, వాటి అడుగున సన్నగా సీసం వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి, యాభై దాటిన మనిషిని, కళ్ళజోడు చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన ఎవరికైనా కొత్త పుస్తకాలనో, బడి తెరిచే జూన్ నెలనో గుర్తు చేస్తుందేమో. నాకు మాత్రం భయమే గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు, ఎనభైల నడుమ ఒక డిసెంబరులో, కన్నతండ్రిని చూసి వణికిపోయిన నాలుగు రోజులు గుర్తొస్తాయి.

అప్పుడు మేము మధురానగర్ వైపు ఒక రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఒక గది, దానికి అంటుకొని వంటగది, ముందు అందరికీ కలిపి ఒక వాకిలి, వాకిట్లో చేతిపంపు, పంపు పక్కన జామచెట్టు. ఇంటి యజమానురాలు రజియా ఖాలా, ఆమె ఇద్దరు ఆడపిల్లలు వాకిలికి అవతలి వైపు పెంకుటింట్లో ఉండేవాళ్ళు. ఎండాకాలంలో ఆ వాకిలంతా మామిడితొక్కుల వాసనతో, తడిపిన వట్టివేళ్ళ తడకల వాసనతో నిండిపోయేది. వానాకాలంలో రేకుల మీద చినుకుల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. డిసెంబరు వచ్చిందంటే కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టేది, దాన్ని ఎండలో పెట్టి కరిగేదాకా కావలి ఉండటం పిల్లల పని. పొద్దున్నే కుంపట్ల పొగ, మధ్యాహ్నం ఉడకబెట్టిన అనపకాయలు, సాయంత్రం ఎండ-నీడ ఆట, ఆ ఆట మధ్యలో బేగంపేటలో దిగబోయే విమానం జామచెట్టును తాకుతుందేమో అన్నంత కిందుగా, పొట్ట మీది గీతలు కూడా కనిపించేట్టు వెళ్ళేది. ఖాలా ఇంటి కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయేవి. మేము చెవులు మూసుకొని అరిచేవాళ్ళం. ఆ అరుపులో అప్పటికి సంతోషమే ఉండేది.

మా నాయిన పేరు ప్రకాశం. ఖైరతాబాద్‌లో ఒక వారపత్రిక అచ్చయ్యే ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఆయన కళ్ళను గురించి చెప్పాలి. కదిలే బస్సులోంచి దుకాణాల బోర్డులు చదివి తప్పులు లెక్కపెట్టేవాడు. ఆదివారం గుడిలో, చర్చిని మేము అలాగే అంటాం, పాటల పుస్తకం తెరిస్తే పాడటం మరిచిపోయి, జేబులోంచి పెన్సిలు తీసి దీర్ఘాలు దిద్దేవాడు, పక్కన కూర్చున్న అమ్మ మోచేత్తో పొడిచేది. అమ్మ పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఆమెకు ఆదివారం డ్యూటీ పడితే, ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులకు నాయినకు తోడు నేనే. నేను రచయిత చేతిరాత కాగితాలు పైకి చదవాలి, నాయిన తడి తడి గ్యాలీ మీద, అంటే పేజీలు కట్టకముందు తీసే పొడుగాటి అచ్చు కాగితం మీద, వేలు పెట్టుకొని అక్షరం అక్షరం చూస్తూ రావాలి. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. అలా, అచ్చు కాకముందే కథలన్నీ నా నోటి మీదుగా వెళ్ళేవి.

ఆ ఏడాది పత్రికలో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ నడుస్తుండేది. రాసేది కిరణ్ అనే ఆయన. ఊదా రంగు సిరాతో, కోడి గెలికినట్టుండే రాత. ప్రెస్సులో ఆ రాత నాయిన ఒక్కడికే అర్థమయ్యేది, తర్వాత నాకూ అర్థమవడం మొదలైంది. అరుణిక అనే గ్రహం. దానికున్న సూర్యుడు ఎర్రగా, ఆరిపోవడానికి సిద్ధంగా ఉన్న బొగ్గులా ఉంటాడు, అక్కడ ఎప్పుడూ మునిమాపే. అక్కడి జీవులు అచ్చం మనలాగే ఉంటారు. అయిదు వేళ్ళు, అదే నడక, అదే ఎత్తు. వాళ్ళ పేరు సమరూపులు. వాళ్ళ గ్రహం గడ్డకట్టుకుపోతున్నది కనుక ఒక్కొక్కరుగా భూమికి వస్తారు. పెద్ద పెద్ద నౌకల్లో రారు. మామూలు విమానాల్లో, మామూలు ప్రయాణికుల మధ్య కూర్చొని వచ్చి దిగుతారు. దిగి, ఒక ఇంటిని చూసుకుంటారు. ఆ ఇంట్లో ఒక మనిషిని అరుణికకు పంపి, గాజుపెట్టెలో నిద్రపుచ్చి, ఆ మనిషి చొక్కా వేసుకొని, ఆ మనిషి చెప్పులు తొడుక్కొని, ఆ మనిషి పీట మీద కూర్చొని అన్నం తింటారు.

వాళ్ళు చెడ్డవాళ్ళని కథలో ఎక్కడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆదివారం చదివిన భాగాన్ని సోమవారం బడి నుంచి వచ్చాక ఖాలా పిల్లలిద్దరికీ చెప్పేదాన్ని. ముగ్గురం జామచెట్టు కింద ముడుచుకొని, విమానం వెళ్తే ఇప్పుడు అరవకుండా, అందులో ఎంతమంది వచ్చి ఉంటారో అని నోరు మూసుకొని చూసేవాళ్ళం. పాలు పోసే మనిషిని, కిరాణా కొట్టాయనను, మా లెక్కల టీచరును ఒక్కొక్కరినే అనుమానించాం. ఇంట్లోవాళ్ళను అనుమానించాలని మాత్రం అప్పటికింకా తోచలేదు.

డిసెంబరు మొదటి వారంలో జోగిపేటలో చిన్నమ్మకు కాన్పు దగ్గరపడిందని ఉత్తరం వచ్చి, అమ్మ సెలవు పెట్టి వెళ్ళింది. వచ్చే శనివారానికి తిరిగొస్తానని, వచ్చాకే క్రిస్మస్‌కు నూనెలో వేయించే గులాబీ పువ్వుల పిండివంట చేసుకుందామని, అందాకా పిండికి పోసిన బియ్యం డబ్బా ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళింది. ఆ ఆదివారం గుడి నుంచి వచ్చాక నాయిన వెదురు పుల్లలు చీల్చి నక్షత్రం కట్టడం మొదలుపెట్టాడు. మూడు మూలలు కట్టి, తక్కినవి రేపు అని పక్కన పెట్టి, ప్రూఫులు తీశాడు. నేను చదివాను. ఆ వారం భాగంలో కథానాయకుడికి ఒక ముసలి శాస్త్రవేత్త సమరూపులను గుర్తుపట్టే విధం చెప్తాడు. అరుణికలో మునిచీకట్లో తిరిగే మృగాలకు భయపడి సమరూపులు సగం సగంగా నిద్రపోతారట, అందుకని వాళ్ళ ఒక కంటి రెప్ప ఎన్నడూ పడదట. అక్కడి చలికి నోరు తెరిస్తే ఒంట్లో వేడి పోతుంది కనుక వాళ్ళకు నవ్వు లేదట. నడక, మాట, తిండి అన్నీ మూడు రోజుల్లో వచ్చేస్తాయి కానీ, నవ్వు ఒక్కటి రాదు. ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి నేర్చుకుంటారట. ఫుల్‌స్టాప్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాయిన గ్యాలీ మీదినుంచి తలెత్తి, "మస్తు రాసిండు గదా," అని నవ్వాడు. అప్పుడు రెండు పెదవుల చివరలూ సమంగా పైకి లేచాయని నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

సోమవారం పొద్దున నాయిన మెడ చుట్టూ, ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకొని ఉన్నాడు. చలికనుకున్నాను. చాయ్ తాగడానికి దాన్ని కొంచెం కిందికి లాగాడు. తాగిన చాయ్ ఎడమ వైపునుంచి సన్నటి ధారగా జారి చొక్కా మీద పడింది. ఆయన గబగబా తుడుచుకొని నా వైపు చూశాడు. చూసి రెప్పలార్పాడు. కుడి రెప్ప పడింది. ఎడమది పడలేదు.

"ఏంది బిడ్డా గట్ల చూస్తున్నవ్? చాయ్ తాగు," అన్నాడు. మాట ముద్దముద్దగా ఉంది. నాయిన గొంతును ఎవరో అరువు తెచ్చుకొని మాట్లాడినట్టు ఉంది. నేను చాయ్ తాగలేదు. సంచి భుజానికేసుకొని, జడలు కూడా వేయించుకోకుండా బడికి పరిగెత్తాను.

ఆ రోజంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జలుబు చేసి ఉంటుంది, పంటి నొప్పి అయి ఉంటుంది అనుకున్నాను. సాయంత్రం ఖాలా పిల్లలు కథ అడిగితే, ఈ వారం రాలేదని అబద్ధం చెప్పాను. ఆ గుర్తులు పైకి చెప్తే నిజమైపోతాయనిపించింది. ఆ రాత్రి గోడ వైపు తిరిగి, దుప్పటి తల మీదికి లాక్కొని పడుకున్నాను.

మంగళవారం నాయిన ప్రెస్సుకు వెళ్ళలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరికేసి ఉంది. మెల్లగా తోశాను. మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు, మఫ్లర్ జారిపోయింది. గురక వినిపిస్తున్నది. కుడి కన్ను మూసుకొని ఉంది. ఎడమ కన్ను సగం తెరుచుకొని, లోపల నల్లగుడ్డు పైకి వెళ్ళిపోయి, ఉత్త తెల్లగుడ్డు కిటికీ వెలుగులో తడితడిగా మెరుస్తూ నా వైపే ఉంది. నోరు కుడి పక్కకు గుంజుకుపోయి ఉంది. కదిలితే ఆ కన్ను నాతోపాటు కదులుతుందని భయం, కదలకపోతే ఆయన లేస్తాడని భయం. ఎంతసేపలా నిలబడ్డానో తెలియదు. తల మీదినుంచి విమానం పోయి, రేకులు గడగడలాడి, ఆ చప్పుడుకు బయటికి ఉరికాను.

ఆ విమానంలోనే వచ్చి ఉంటాడని అప్పుడు నాకు పూర్తిగా తేలిపోయింది. ఆదివారం నేను గుర్తులు పైకి చదివాను, నా గొంతు వాళ్ళకు వినిపించింది, అందుకే వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. నా నాయినను గాజుపెట్టెలో పెట్టించింది నేనే. ఆ రాత్రి కూడా అదే గదిలో, అదే గోడ వైపు తిరిగి పడుకున్నాను. వెనక ఆయన అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు వింటూ, నేనిక్కడ పడుకున్నంతసేపూ మా నాయిన ఎక్కడో ఎర్రటి చీకట్లో చలికి ముడుచుకొని ఉంటాడని ఏడ్చాను, వినిపించకుండా.

బుధవారం సాయంత్రం వచ్చేసరికి తలుపు గడియ వేసి ఉంది. లోపల అలికిడి ఉంది కానీ పిలవడానికి ధైర్యం చాలలేదు. కిటికీ పక్కకు వెళ్ళి, చువ్వల సందులోంచి చూశాను. నాయిన గోడకున్న గుండ్రటి అద్దం ముందు నిలబడి ఉన్నాడు. మఫ్లర్ లేదు. అద్దంలో తనను తాను చూసుకుంటూ నవ్వడానికి ప్రయత్నం చేస్తున్నాడు. కుడి వైపు మూతి పైకి లేస్తున్నది, ఎడమ వైపు కిందికి జారిపోయే ఉంది. అప్పుడు ఎడమచేతి వేలితో ఆ పెదవి చివరను పైకి ఎత్తి, పట్టుకొని, అద్దంలో చూశాడు. వేలు తీశాడు. అది మళ్ళీ జారింది. మళ్ళీ ఎత్తాడు.

ఆ తర్వాత నేను ఖాలా ఇంట్లో ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకొని ఉన్నాను. మధ్యలో వాకిలి ఎలా దాటానో గుర్తు లేదు.

"క్యా హువా బేటీ? అమ్మ యాదికొస్తున్నదా?" అంది ఖాలా.

"ఆయన మా నాయిన కాదు ఖాలా," అన్నాను.

ఖాలా నవ్వబోయి, నా ఒళ్ళు చూసి ఆగిపోయింది. నేను వణికిపోతున్నాను. "కొట్టిండా? తిట్టిండా?" అని అడిగింది. కాదని తల ఊపాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఏదో చదివి, మొహం మీద మూడుసార్లు ఊది, ఖట్టీ దాల్ అన్నం కలిపి తినిపించి, తన పిల్లల మధ్య పడుకోబెట్టింది. వాకిట్లోకి వెళ్ళి నాయినతో, "పాప ఈడనే పండుతది భాయ్, ఫికర్ చెయ్యకు," అని చెప్పడం వినిపించింది. ఆయన గుమ్మం దాటి రాలేదు. మఫ్లర్ లోంచే సరే అన్నాడు.

గురువారం పొద్దున బడికని బయల్దేరి బడికి వెళ్ళలేదు. సమరూపుల సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన చిరునామా ప్రతి కవరు వెనకా ఊదా సిరాతో ఉండేది కనుక నాకు నోటికి వచ్చు. పంజాగుట్ట, ద్వారకాపురి కాలనీ. పెద్ద రోడ్డు పట్టుకొని నడిచాను. ఎప్పుడూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకొని వెళ్ళిన దారి అది. డబుల్ డెక్కర్ బస్సు పక్కనుంచి పోతుంటే గాలికి గౌను ఎగిరింది. ఎదురొచ్చే ప్రతి మనిషి కళ్ళూ చూస్తూ, రెప్ప పడిందా లేదా అని చూస్తూ నడిచాను. పంజాగుట్ట చౌరస్తా దగ్గర రోడ్డు దాటలేక ఏడుపొచ్చింది. ఒక పూలమ్మే ఆమె చెయ్యి పట్టుకొని దాటించింది. ఆమె రెండు కళ్ళూ ఆర్పుతున్నదో లేదో చూసుకున్నాకే చెయ్యి ఇచ్చాను.

ఇల్లు దొరికింది. తలుపు తీసిన ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, నెరిసిన జుట్టు, చూపుడు వేలికి ఊదా మరక.

"ఏంటమ్మా, ఎవరి పాపవి నువ్వు? స్కూలు లేదా?" అంది.

"కిరణ్ సారుతోని మాట్లాడాలె."

"ఏం పని?"

"మా నాయినను తీస్కపోయిన్రు. యాడ పెట్టిన్రో సారుకు ఎరుకుంటది."

ఆమె తలుపు పూర్తిగా తెరిచింది. "కిరణ్ అంటే నేనేనమ్మా. నా అసలు పేరు సుభద్ర. రా, కూర్చో," అంది.

మగ పేరుతో రాసే ఆడమనిషి ఉంటుందని నాకు తెలియదు. ఈమె కూడా ఇంకొకరి పేరు తొడుక్కున్న మనిషే అనిపించి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె కళ్ళ వైపే చూస్తున్నాను. అది కనిపెట్టిందో ఏమో, నా ఎదురుగా నేల మీద కూర్చొని, రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచింది. మళ్ళీ మూసి తెరిచింది. అప్పుడు లోపలికి వెళ్ళాను. నేను ప్రెస్సు ప్రకాశం బిడ్డను రూతునని, జరిగిందంతా చెప్పాను. చాయ్ కారడం, కన్ను మూతపడకపోవడం, అద్దం.

ఆమె నవ్వలేదు. "ఏ కన్ను?" అంది.

"ఎడమది."

"మూతి ఎటు గుంజుకుపోయింది?"

"కుడి దిక్కు."

"చెయ్యి బాగానే ఉందా? గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నారా? నడుస్తున్నారా?"

"నడుస్తుండు. ఎడమచెయ్యితోనే మూతి లేపుకుంటుండు."

"ఎన్నాళ్ళైంది?"

"సోమవారం పొద్దటి సంది."

ఆమె మొహం పాలిపోయింది. "మీ అమ్మ నర్సు కదూ, ఏరీ?" అని అడిగి, ఊళ్ళో లేదని విని, అలాగే లేచి చెప్పులేసుకుంది. ఆటోలో నా చేతిని రెండు చేతులతో పట్టుకొని చెప్పింది. "రూతూ, సమరూపులనేవాళ్ళు ఎక్కడా లేరు. మా ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ ఉంది చూశావా, అందులో కూర్చొని నేనే వాళ్ళను కల్పించాను. మీ నాన్నగారికి జబ్బు చేసింది. అంతే." నాకు సగమే నమ్మకం కలిగింది. జబ్బు అన్న మాట విని కొత్తగా ఇంకో భయం మొదలైంది.

ఇంట్లో నాయిన మంచం మీద కూర్చొని ఉన్నాడు. కట్టడం ఆగిపోయిన నక్షత్రం పక్కనే పడి ఉంది. మమ్మల్ని చూసి మఫ్లర్ పైకి లాక్కున్నాడు.

"ప్రకాశం గారూ, అది తీయండి," అంది సుభద్రమ్మ గారు.

ఆయన తీయలేదు. ఆమె మంచం పక్కకు పీట లాక్కొని కూర్చుంది. కాసేపటికి ఆయన మెల్లగా మఫ్లర్ విప్పాడు. ఎడమ కన్ను నిప్పులా ఎర్రబడి, నీళ్ళు కారుతూ ఉంది.

"మా నాయినకు గిట్లనే అయిందమ్మా," అన్నాడు ముద్దమాటలతో. "పక్షవాతం. మూడేండ్లు మంచంల పడి పోయిండు. డాక్టర్ దగ్గరికి పోతే అదేనంటరు. ఆమె చెల్లె కాన్పు ఇడిసిపెట్టి ఉరికొస్తది. శనివారం దాక ఎట్లనన్న దాస్తామనుకున్న." నా వైపు చూడకుండా, "బిడ్డ నన్ను చూసి జడుసుకుంటున్నది. అన్నం ముడ్తలేదు. గందుకే అద్దం ముంగట నిలబడి, జర నవ్వుడు నేర్సుకుందామని చూస్తున్న. వస్తలేదు," అన్నాడు.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆయన నా కోసమే నవ్వు నేర్చుకుంటూ అద్దం ముందు నిలబడ్డాడన్న సంగతి తలకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక, పరిగెత్తి వెళ్ళి వాటేసుకున్నానని రాస్తే బాగుండును. కానీ నిజం అది కాదు. వెళ్ళాను, ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్ళాను, ఆ కన్ను ఇంకా నన్ను భయపెడుతూనే ఉంది. పక్కన కూర్చొని ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. సిరా వాసన, కిరోసిన్ వాసన వచ్చాయి. అప్పుడు ఏడ్చాను, ఈసారి అందరికీ వినిపించేట్టు.

అమ్మ పనిచేసే ఆసుపత్రికే వెళ్ళాం. డాక్టరు నాయినను నుదురు ముడతలు వేయమన్నాడు, బుగ్గలు పూరించమన్నాడు, చేతులు నొక్కి చూశాడు. పక్షవాతం కాదు, మొహానికి వెళ్ళే నరం వాచింది, నెలల్లో చాలావరకు నయమవుతుందని చెప్పాడు. ఆ మాటకు నాయిన బల్ల అంచు పట్టుకొని తల వంచుకున్నాడు, భుజాలు కదిలాయి. తర్వాత డాక్టరు కంట్లో లైటు వేసి చాలాసేపు చూసి, నాలుగు రోజులు కన్ను మూతపడక ఎండిపోయి పుండు పడిందని, మొదటి రోజే వచ్చి కట్టు కట్టించుకొని ఉంటే బాగుండేదని అన్నాడు. సుభద్రమ్మ గారు నా తల మీద చెయ్యి వేసి ఉంచారు.

మందు వేయడం, రాత్రి పడుకునే ముందు రెప్పను దించి పట్టీ అతికించడం నా పని అయింది. శనివారం అమ్మ వచ్చేదాకా నేనే చేశాను. మొదటి రోజు పట్టీ వంకరగా పడితే నాయిన కదలకుండా, "నిమ్మలంగ పెట్టు బిడ్డా," అన్నాడు. అమ్మ వచ్చి ముందు నాయినను తిట్టింది, తర్వాత ఖాలా ఎదుట ఏడ్చింది, ఆ తర్వాత గులాబీ పువ్వులకు పిండి కలిపింది. అమ్మ రావడానికి ముందు రోజు, శుక్రవారమే, సుభద్రమ్మ గారు మళ్ళీ వచ్చి, ఇంకా అచ్చుకు వెళ్ళని ఆ భాగం ప్రూఫు అడిగి తీసుకొని, గుర్తుల పేరా మొత్తం ఊదా సిరాతో కొట్టేశారు. "ఇంకే ఇంట్లోనో ఇంకో పాప ఉంటుంది కదండీ," అన్నారు. నాయిన ఒంటికన్నుతో ఆ కొట్టివేత పక్కన తన సంతకం గుర్తు పెట్టాడు. ఆ సీరియల్ ఆ తర్వాత కొన్ని వారాలు నడిచి అయిపోయింది. నేను చదవలేదు.

ఈస్టరు నాటికి నాయిన మొహం దాదాపు సర్దుకుంది. కంట్లో మాత్రం తెల్లటి చుక్క ఒకటి మిగిలింది. ఆ కంటికి అక్షరాలు అలుక్కుపోయి కనిపించేవి. రెండో కన్ను తొందరగా అలిసిపోయేది. ప్రెస్సులో ఆయనను బైండింగ్ వైపు మార్చారు. ఫారాలు, అంటే అచ్చైన పెద్ద కాగితాలు, మడిచే పని. ఆ తర్వాత ఆయన గుడిలో పాటల పుస్తకం తెరిచి, పెన్సిలు తీయకుండా, అందరితోపాటు పాడటం మొదలుపెట్టాడు. అది విన్నప్పుడల్లా నేను నా పాటల పుస్తకం మూసేసేదాన్ని. సోమవారం పొద్దున ఖాలాతో కన్ను మూతపడటం లేదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మూడు రోజులు ఆగి, ఆయన మా నాయిన కాదని అన్నాను.

ఈ మాట ఆయనతో ఒక్కసారే అనగలిగాను, కాలేజీలో చేరాక. "నువ్వు చిన్నపిల్లవు, జడుసుకున్నవ్. నేను పెద్దోణ్ణి, నేను సుత జడుసుకున్న," అన్నాడు. "నువ్వు గా సుభద్రమ్మ దగ్గరికి నడుసుకుంట పోకపోతే నేను ఇంకెన్ని దినాలు గట్లనే కూసుంటుంటినో." అంతకు మించి ఆ సంగతి మా మధ్య రాలేదు.

మొన్న కార్డు పని అయ్యాక అటు వెళ్ళి చూశాను. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, వాకిలి ఉన్నచోట ఇప్పుడు ఆరంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంది. చేతిపంపు ఉన్నచోట చెప్పుల స్టాండు. విమానాలు ఊరి బయటికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ సందులో తలెత్తితే కేబుల్ వైర్లే కనిపిస్తాయి. ఆ ప్రెస్సు లేదు, ఆ వారపత్రిక లేదు. ఖాలా పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. సుభద్రమ్మ గారు పోయారని ఎప్పుడో పేపర్లో రెండు ముక్కల్లో, అదీ అసలు పేరుతో కాకుండా కిరణ్ అనే పేరుతో చదివాను. నాయిన పోయి తొమ్మిదేళ్ళు.

నేను గేటు ముందు అలాగే నిలబడి ఉంటే, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకున్న ఒక అమ్మాయి మొదటి అంతస్తు కిటికీలోంచి వంగి చూసింది. "ఎవరు కావాలె ఆంటీ? పేరు చెప్పండి, పిలుస్త," అంది.

పేర్లన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల నిజంగానే మెట్లెక్కి వెళ్ళి పిలుచుకొచ్చేట్టుగా, నా జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంది.

"ఎవరూ లేరు బిడ్డా," అని చెప్పి, మెట్రో వైపు నడిచాను.